ఒకే పేరు – ఎన్నో ఊళ్లు

రష్యాలో ఉన్న ఒక మిత్రునికి ఉత్తరం రాశారనుకోండి. కవరు మీద అతని పేరు రాసి, కింద 'మిహైలొవ్కా గ్రామం, రష్యా' అని మాత్రమే రాస్తే ఆ ఉత్తరం అతనికి చేరదు. తపాలా ఉద్యోగి దాన్ని చేతిలో పట్టుకొని "ఏ మిహైలొవ్కా?" అని ఆలోచనలో పడతాడు. దక్షిణాన నల్లమట్టి మైదానాల్లో మిహైలొవ్కాలు ఉన్నాయి. సైబీరియాలో ఉన్నాయి. పసిఫిక్ మహాసముద్రపు తీరానికి దగ్గరగా ఉన్న ప్రిమోర్యె ప్రాంతంలోనూ ఒక మిహైలొవ్కా ఉంది. వోల్గాగ్రాద్ ప్రాంతంలోని మిహైలొవ్కా అయితే పల్లె కాదు, పెద్ద పట్టణమే.

వీటి మధ్య దూరం కూడా కొంచెం కాదు. రష్యా వైశాల్యం సుమారు 1 కోటి 71 లక్షల చదరపు కిలోమీటర్లు. భారతదేశం వంటి దేశాలు ఐదింటిని అందులో పరిచినా ఇంకా చోటు మిగులుతుంది. పడమటి కొసన ఉన్న కలీనిన్‌గ్రాద్‌లో రాత్రి పది గంటలైతే, తూర్పు కొసన ఉన్న కంచాత్కాలో మర్నాడు ఉదయం ఎనిమిది గంటలవుతుంది. 2010 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో సుమారు 1,100 పట్టణాలు, 1,53,000 పల్లెలు ఉన్నాయి. ఇన్ని ఊళ్లకు వేర్వేరు పేర్లు పెట్టడం ఎవరికి సాధ్యం?

పేర్లు కలవడం మనకు కొత్త కాదు. తెలుగునాట కొత్తపల్లి అనే ఊళ్లు, రామాపురం అనే ఊళ్లు ఎన్ని ఉన్నాయో చెప్పడం కష్టం. పక్కపక్కనే రెండుంటే ఒకదాన్ని పెద్ద అనీ, మరొకదాన్ని చిన్న అనీ అంటారు. ఏటి పై భాగాన ఉన్నది ఎగువ, కింది భాగాన ఉన్నది దిగువ. రష్యా రైతు కూడా సరిగ్గా ఇదే పని చేశాడు. 'బల్షోయె' అంటే పెద్ద, 'మాలొయె' అంటే చిన్న, 'వేర్హ్నీ' అంటే ఎగువ, 'నీజ్నీ' అంటే దిగువ. 'స్తారయ' అంటే పాత, 'నోవయ' అంటే కొత్త. రష్యా పటంలో ఈ మాటలు అడుగడుగునా కనిపిస్తాయి.

ఇంతకూ రష్యా పల్లెలకు పేర్లు ఎలా వచ్చాయి? కొన్ని చెట్లను బట్టి, నీటిని బట్టి వచ్చాయి. 'బెర్యోజా' అనేది తెల్లని బెరడు గల ఒక చెట్టు. రష్యా అడవుల్లో అది విరివిగా పెరుగుతుంది. ఆ చెట్లున్న చోట వెలసిన ఊరు బెర్యోజొవ్కా. అటువంటి ఊళ్లు దేశమంతటా ఉన్నాయి. మన పూర్వులు గ్రంథాలు రాసుకున్న భూర్జపత్రం హిమాలయాల్లో పెరిగే ఇదే జాతి చెట్టు బెరడు. సంస్కృతంలోని 'భూర్జ', రష్యన్‌లోని 'బెర్యోజా' ఒకే మూలం నుంచి పుట్టిన మాటలని భాషా శాస్త్రజ్ఞులు చెబుతారు. రాతి నేల మీద పారే వాగు కామెంకా. దాని ఒడ్డున ఉన్న ఊరు కూడా కామెంకాయే.

మరికొన్ని పేర్లు చర్చి నుంచి వచ్చాయి. రష్యన్ భాషలో పల్లెకు రెండు మాటలున్నాయి. పూర్వం చర్చి ఉన్న పల్లెను 'సెలో' అనేవారు. చర్చి లేని చిన్న పల్లె 'దెరేవ్న్యా'. చర్చి ఏ పండుగ పేర, ఏ సాధువు పేర వెలసిందో ఆ పేరే సెలోకు పేరయ్యేది. సాధువు నికొలాయ్ పేర చర్చి ఉంటే నికోల్స్కొయె, త్రిత్వం పేర ఉంటే త్రోయిత్స్కొయె. పండుగలు, సాధువులు దేశమంతటికీ ఒక్కటే కాబట్టి పేర్లూ ఒక్కటే అయ్యాయి. పట్టణాల విషయంలోనూ ఇలాగే జరిగింది. చైనా సరిహద్దులో అమూర్ నది ఒడ్డున ఒక బ్లగొవేషెన్స్క్ ఉంది. ఉరల్ పర్వతాలకు పడమట, బష్కీరియాలో రాగి కర్మాగారం చుట్టూ పెరిగిన మరొక బ్లగొవేషెన్స్క్ ఉంది. మేరీమాతకు దేవదూత శుభవార్త చెప్పిన పండుగ పేరే రెండింటికీ ఆధారం.

అన్నిటికంటే ఎక్కువగా పేర్లను పెంచినవారు భూస్వాములు. 1861 వరకు రష్యాలో కోట్లాది రైతులు భూస్వాముల ఆస్తిగా బతికారు. దక్షిణాన కొత్త భూములు సంపాదించుకున్న భూస్వామి తన రైతులను కుటుంబాలతో సహా అక్కడికి తరలించేవాడు. వెలసిన కొత్త పల్లెకు తన పేరో, కొడుకు పేరో, కూతురి పేరో పెట్టేవాడు. ఇవాన్ పేర ఇవానొవ్కా, అలెక్సాందర్ పేర అలెక్సాంద్రొవ్కా, కతెరీనా పేర యెకతెరీనొవ్కా. అప్పట్లో పిల్లలకు పేర్లు చర్చి పంచాంగంలోని సాధువుల పేర్ల నుంచి పెట్టేవారు. వాడుకలో ఉన్నవి కొద్ది పేర్లే. అందువల్ల ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరు భూస్వాములు వెయ్యి మైళ్ల దూరంలో రెండు ఇవానొవ్కాలను స్థాపించడంలో వింత లేదు. ఆ పేరుగల ఊళ్లో చెమటోడ్చిన రైతు పేరు మాత్రం ఆ ఊరికి రాలేదు.

ఇవన్నీ అనుకోకుండా కలిసిన పేర్లు. కావాలని వెంట తీసుకుపోయిన పేర్లు కూడా ఉన్నాయి. వాటి కథ ఇంకా ఆసక్తికరమైనది.

ఇప్పటి ఉక్రెయిన్ రాజధాని కీవ్ నగరానికి దక్షిణాన పెరెయాస్లవ్ అనే పాత పట్టణం ఉంది. దాని పేరు గురించి ప్రాచీన చరిత్ర గ్రంథంలో ఒక కథ ఉంది. 992లో పెచెనెగులనే సంచార జాతి దండెత్తి వచ్చింది. యుద్ధానికి బదులు ఇరు పక్షాల నుంచి ఒక్కొక్క మల్లుడు పోరాడాలని నిర్ణయమైంది. కీవ్ పక్షాన తోలు పని చేసే ఒక యువకుడు బరిలో దిగి, పర్వతం లాంటి పెచెనెగు వీరుణ్ణి మట్టి కరిపించాడు. అతడు శత్రువు నుంచి కీర్తిని లాక్కున్న చోటు కాబట్టి ఆ ఊరికి 'కీర్తిని గైకొన్న ఊరు' అనే అర్థంలో పెరెయాస్లవ్ల్ అనే పేరు పెట్టారట. కథ బాగుంది. అయితే అదే గ్రంథంలో, అంతకు 85 ఏళ్లు ముందు 907లో జరిగిన విషయాలు చెప్పేటప్పుడే ఈ ఊరి పేరు వస్తుంది! ఊరి పేరును చూసి తరువాతివారు కథ అల్లారన్నమాట. మన స్థలపురాణాల్లోనూ ఇటువంటివి కనిపిస్తాయి.

ఆ పెరెయాస్లవ్ పక్కన పారే నది పేరు త్రుబేజ్. 1152లో యూరీ దొల్గరూకీ అనే రాజు ఈశాన్యాన, దట్టమైన అడవులకు అవతల ఒక పట్టణం కట్టించాడు. దానికీ పెరెయాస్లవ్ల్ అనే పేరే పెట్టాడు. పాతదానితో కలవకుండా 'అడవి అవతలి' అనే అర్థంలో జలేస్కీ అనే మాట చేర్చారు. ఇప్పుడు దాని పేరు పెరెస్లావ్ల్-జలేస్కీ. ఆ పట్టణం మీదుగా పారే చిన్న నది పేరేమిటి? త్రుబేజ్! అంతటితో అయిపోలేదు. మాస్కోకు ఆగ్నేయాన అకా నది దగ్గర మూడో పెరెయాస్లవ్ల్ వెలసింది. రిజాన్ రాజ్యంలో ఉంది కాబట్టి దాన్ని పెరెయాస్లవ్ల్-రిజాన్స్కీ అన్నారు. అక్కడి నది కూడా త్రుబేజే. అదే ఊళ్లో లీబెద్ అనే మరొక చిన్న ఏరు ఉంది. కీవ్‌లో లీబెద్ ఉంది, మాస్కోకు తూర్పున ఉన్న వ్లదీమిర్ నగరంలోనూ లీబెద్ ఉంది.

మూడు ఊళ్లకు, మూడు నదులకు ఒకే జంట పేర్లు రావడం కాకతాళీయం కాదు. దక్షిణాన సంచార జాతుల దాడులకు గురైన జనం ఉత్తరపు అడవుల వైపు వలస పోయారు. విత్తనాలు, పనిముట్లు, దేవుని పటాలతో పాటు పేర్లు కూడా మోసుకుపోయారు. కొత్త చోట ఒక ఏరు కనిపిస్తే తమ ఊరి ఏటి పేరు పెట్టుకున్నారు. ఇంత జనం ఎటు నుంచి ఎటు కదిలారో తెలుసుకోవడానికి చరిత్రకారులకు ఈ పేర్లు శాసనాల్లా ఉపయోగపడ్డాయి.

మూడో పెరెయాస్లవ్ల్‌కు తరువాత ఇంకొక మార్పు వచ్చింది. 1237లో బాతూ ఖాన్ నాయకత్వంలో మంగోలు సేనలు రిజాన్ రాజధానిని నేలమట్టం చేశాయి. ఆ నగరం మళ్లీ కోలుకోలేదు. రాజధాని సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న పెరెయాస్లవ్ల్‌కు మారింది. 1778లో రెండో కేథరిన్ రాణి కాలంలో ఆ ఊరి పేరే రిజాన్ అని మార్చారు. అంటే ఇప్పటి రిజాన్ నగరం మొదట దక్షిణపు ఊరి పేరు తెచ్చుకొని, తరువాత చనిపోయిన పొరుగు నగరపు పేరు ధరించింది. అసలు రిజాన్ ఉన్న చోటును ఇప్పుడు 'స్తారయ రిజాన్', అంటే పాత రిజాన్ అంటారు. అక్కడ కోట మట్టికట్టలు మాత్రం మిగిలాయి.

రోస్తోవ్ కథ దీనికంటే విచిత్రం. మాస్కోకు ఈశాన్యంగా సుమారు 200 కిలోమీటర్ల దూరాన, నేరో సరస్సు ఒడ్డున రోస్తోవ్ అనే పట్టణం ఉంది. 862 నాటి విషయాలు చెప్పేటప్పుడే దాని పేరు చరిత్ర గ్రంథంలో వస్తుంది. తెల్లని గోడలు, పెద్ద గంటలు దాని ప్రత్యేకత. మాస్కోకు దక్షిణాన వెయ్యి కిలోమీటర్ల దూరంలో దోన్ నది ఒడ్డున మరొక రోస్తోవ్ ఉంది. అది పది లక్షలకు పైగా జనాభా గల మహానగరం. మొదటిదాని జనాభా ముప్ఫై వేల ప్రాంతం. మరి ఈ రెండింటికీ ఒకే పేరు ఎలా వచ్చింది? ఇక్కడి జనం అక్కడికి వలస పోయారా? లేదు.

పేరును తీసుకుపోయింది ఒక మతగురువు. అదీ ఆయన మరణించిన తరువాత! ద్మీత్రీ అనే పండితుడు 1702లో ఉత్తరపు రోస్తోవ్‌కు ప్రధాన మతాధిపతిగా వచ్చి, 1709లో అక్కడే మరణించాడు. 1757లో చర్చి ఆయనను సాధువుగా ప్రకటించింది. అప్పటి నుంచి ఆయనను రోస్తోవ్ ద్మీత్రీ అనసాగారు. దోన్ నది తీరాన 1749లో ఒక సుంకపు ఠాణా ఏర్పడి ఉంది. 1761లో దాని దగ్గర కట్టిన కోటకు, కొత్త సాధువు గౌరవార్థం, 'రోస్తోవ్ సాధు ద్మీత్రీ కోట' అని పేరు పెట్టారు. పేరు పొడవైంది. జనం నోట్లో 'సాధు' పోయింది, 'ద్మీత్రీ' పోయింది, 'కోట' పోయింది, 'రోస్తోవ్' మిగిలింది! ఆ సాధువు దోన్ నది రోస్తోవ్‌ను కళ్లతో చూడనే లేదు. ఇప్పుడు రెండింటినీ గుర్తించడానికి దక్షిణపు నగరాన్ని 'రోస్తోవ్-నా-దనూ', అంటే దోన్ మీది రోస్తోవ్ అంటారు. ఉత్తరపు చిన్న పట్టణాన్ని 'రోస్తోవ్ వెలీకీ' అంటారు. వెలీకీ అంటే గొప్ప, మహా అని అర్థం. ముప్ఫై వేల జనాభా గలది మహా రోస్తోవ్, పది లక్షల జనాభా గలది ఉత్త రోస్తోవ్!

వయసును బట్టి గౌరవం దక్కిన ఊరు ఇంకొకటి ఉంది. అది నోవ్‌గొరోద్. 'నోవ్' అంటే కొత్త. మన 'నవ' శబ్దానికి అది బంధువే. 'గొరోద్' అంటే నగరం. పేరు కొత్త నగరమే కాని, వయసు పదకొండు వందల ఏళ్లకు పైమాటే. 1221లో వోల్గా, అకా నదులు కలిసే చోట మరొక నోవ్‌గొరోద్ వెలసింది. దాన్ని నీజ్నీ నోవ్‌గొరోద్, అంటే దిగువ కొత్త నగరం అన్నారు. 'అమ్మ' నవలతో తెలుగు పాఠకులకు పరిచయమైన మాక్సిం గోర్కీ 1868లో ఈ దిగువ నోవ్‌గొరోద్‌లోనే పుట్టాడు. ఆయన బతికి ఉండగానే 1932లో ఆ నగరానికి గోర్కీ అని పేరు పెట్టారు. ఆ తరువాత 58 ఏళ్లపాటు పటంలో నోవ్‌గొరోద్ పేరుతో పెద్ద నగరం ఒక్కటే ఉంది, తికమక లేదు. 1990లో గోర్కీ నగరం పాత పేరు తిరిగి తీసుకుంది. మళ్లీ రెండు నోవ్‌గొరోద్‌లు! 1999లో మొదటిదాని పేరును ప్రభుత్వమే వెలీకీ నోవ్‌గొరోద్ అని మార్చింది.

నదుల పేర్లతో, వృత్తుల పేర్లతో ఊళ్లను వేరు చేయడం రష్యాలో మామూలే. అముర్ మీది కొమ్సొమోల్స్క్, గనికార్మికుల కామెన్స్క్, ఉరల్ కామెన్స్క్ ఇటువంటివే. వీటిలో పిల్లలకు నచ్చేది గూస్ జంట. గూస్ అనేది అకా నదిలో కలిసే ఒక నది. ఆ మాటకు రష్యన్‌లో పెద్దబాతు అని అర్థం. ఆ నది ఒడ్డున గాజు కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరు గూస్-హ్రుస్తాల్నీ, ఇనుప కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరు గూస్-జెలేజ్నీ. మాటకు మాట చెప్పుకుంటే ఒకటి స్ఫటికపు బాతు, రెండోది ఇనుప బాతు.

1917 విప్లవం తరువాత పేర్ల తీరు మారింది. అంతకు ముందు పేర్లను రైతులు, భూస్వాములు, చర్చి పెట్టేవారు. ఇప్పుడు ప్రభుత్వ ఉత్తర్వులు పెట్టసాగాయి. ఉత్తర్వు ఒకే చోట పుడుతుంది కాబట్టి పేర్లు మరింతగా కలిశాయి. సెర్గెయ్ కీరొవ్ అనే నాయకుణ్ణి 1934 డిసెంబరు 1న లెనిన్‌గ్రాద్‌లో ఒకడు కాల్చి చంపాడు. అదే నెలలో వ్యాత్కా అనే ప్రాచీన నగరం కీరొవ్ అయింది. 1936లో కలూగా ప్రాంతంలోని పెసోచ్న్యా అనే ఊరు కూడా కీరొవ్ అయింది. ఉత్తరాన ఒక కీరొవ్స్క్, లెనిన్‌గ్రాద్ దగ్గర మరొక కీరొవ్స్క్, ఉరల్‌లో ఒక కీరొవ్‌గ్రాద్ వచ్చాయి. సొవేత్స్క్ పేరుతో మూడు పట్టణాలున్నాయి. అందులో ఒకటి, 1807లో నెపోలియన్, రష్యా చక్రవర్తి సంధి చేసుకున్న తిల్సిత్. 1946లో దాని పేరు మారింది. ఎర్ర సైన్యం పేర క్రస్నఅర్మేయ్‌స్క్‌లు వెలశాయి. ఇన్ని కీరొవ్‌లలో ఏ ఊరికీ మరొక కీరొవ్‌తో రాకపోకల బంధం గాని, వలస బంధం గాని లేదు.

పేరు మారినప్పుడు కొన్నిచోట్ల మనుషులు కూడా మారిపోయారు. కుబాన్ నది ప్రాంతంలో పొల్తావ్‌స్కయ అనే పెద్ద కొసాక్ గ్రామం ఉంది. 1790లలో ఉక్రెయిన్ నుంచి వచ్చిన కొసాక్‌లు తమ పాత దళం పేరు, అంటే పొల్తావా పట్టణం పేరు, దానికి పెట్టుకున్నారు. 1932లో ఆ గ్రామం ప్రభుత్వం అడిగినంత ధాన్యం ఇవ్వలేదనే కారణంతో అక్కడి ప్రజలను చలికాలంలో ఉత్తర ప్రాంతాలకు పంపివేశారు. ఖాళీ ఇళ్లలో ఎర్ర సైన్యంలో పనిచేసిన వారిని ఉంచి, ఊరికి క్రస్నఅర్మేయ్‌స్కయ అని పేరు పెట్టారు. 1994లో పాత పేరు తిరిగి వచ్చింది. ఇదే పొల్తావా నుంచి 1890లలో భూమి వెతుక్కుంటూ సైబీరియా వెళ్లిన రైతులు ఓమ్స్క్ ప్రాంతంలో పొల్తావ్‌కా స్థాపించారు. ఆ ఊరు ఆ పేరుతోనే ఇప్పటికీ ఉంది.

పేర్లు కలవడానికి రహస్యం కూడా ఒక కారణం అంటే నమ్మబుద్ధి కాదు. కాని అదీ జరిగింది. 1950లో సైబీరియాలో యెనిసేయ్ నది ఒడ్డున ఒక కొండను తొలిచి, అణ్వాయుధాలకు కావలసిన ప్లుటోనియం తయారుచేసే రియాక్టర్లు కట్టడానికి పూనుకున్నారు. పక్కన ఒక పట్టణం లేచింది. 1954లో దానికి జెలెజ్నగోర్స్క్, అంటే ఇనుపకొండ అని పేరు పెట్టారు. కొండ తవ్వింది ఇనుము కోసం కాదు. ఆ పేరు కూడా బయటికి చెప్పకూడదు. పటాల్లో ఆ ఊరు లేదు. బయటి ప్రపంచానికి అది 'క్రస్నయార్స్క్-26' అనే అంకె మాత్రమే. కొద్ది ఏళ్లకు పశ్చిమాన కూర్స్క్ ప్రాంతంలో నిజమైన ఇనుప గనుల దగ్గర ఒక పట్టణం వెలసింది. దానికి కూడా జెలెజ్నగోర్స్క్ అనే పేరు వచ్చింది. పటంలో లేని ఊరి పేరుతో కలుస్తుందని ఎవరు అభ్యంతరం చెబుతారు? సోవియట్ యూనియన్ 1991లో విడిపోయిన తరువాత రహస్య పట్టణాల పేర్లు బయటపడ్డాయి. అప్పుడు రెండు ఇనుపకొండలు పటంలో ఎదురుపడ్డాయి.

'మీర్నీ' అంటే శాంతియుతమైనది. యాకూతియాలో వజ్రాల గని పక్కన ఉన్న పట్టణం మీర్నీ. ప్లెసేత్స్క్ రాకెట్ కేంద్రంలో పనిచేసేవారు ఉండే పట్టణమూ మీర్నీయే. ఆ కేంద్రం 1957లో క్షిపణుల స్థావరంగా మొదలైంది! 1956లో అంటార్కిటికాలో నెలకొల్పిన పరిశోధన కేంద్రం పేరు కూడా మీర్నీ. అయితే ఆ పేరు ఒక పాత ఓడ నుంచి వచ్చింది.

విదేశాల పేర్లు ధరించిన పల్లెలు కూడా రష్యాలో ఉన్నాయి. దక్షిణ ఉరల్‌లోని చెల్యాబిన్స్క్ ప్రాంతంలో పరీజ్ అనే పల్లె ఉంది. పరీజ్ అంటే పారిస్! దగ్గరలో బెర్లిన్, లైప్సిగ్, వార్నా అనే పల్లెలున్నాయి. 1842లో నగైబాక్‌లనే కొసాక్‌లను సరిహద్దు కాపలాకు ఇక్కడికి తరలించారు. వారి కొత్త ఊళ్లకు మొదట అంకెలే పేర్లు. తరువాత రష్యా సేనలు గెలిచిన యుద్ధాల పేర్లు, ప్రవేశించిన నగరాల పేర్లు పెట్టారు. 1814లో ఆ సేనలు పారిస్‌లో ప్రవేశించాయి. 2005లో పరీజ్ పల్లెలో మొబైల్ ఫోన్ల కోసం ఒక స్తంభం నిలిపారు. దాన్ని ఈఫిల్ టవర్ ఆకారంలో కట్టారు.

ఇక ఉత్తరం సంగతి. రష్యాలో పెద్ద పాలనా విభాగాన్ని 'ఓబ్లస్త్' అంటారు. అది ఇంచుమించు మన రాష్ట్రం వంటిది. దాని లోపల తాలూకా వంటిది 'రయోన్'. సోవియట్ కాలంలో రష్యన్లు కవరు మీద చిరునామా మనకు తలకిందులుగా రాసేవారు. ముందు ఎక్కడికి అన్నది: ఓబ్లస్త్, రయోన్, ఊరు, వీధి, ఇంటి నంబరు. చివరన ఎవరికి అన్నది. పేర్లు ఇంతగా కలిసే దేశంలో ఈ వరస సబబైనదే. 1971లో అక్కడ ఆరు అంకెల తపాలా సంఖ్య ప్రవేశపెట్టారు. మన దేశంలో ఆరు అంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. ఊళ్ల పేర్లు కలవడం, చిరునామాలు వేర్వేరు భాషల్లో ఉండటం మన పిన్‌కోడ్‌కు ముఖ్య కారణాలు. ఇప్పుడు మిహైలొవ్కాకు రాసే ఉత్తరం అంకెల బలంతో చేరుతుంది.

అంకెలు లేని రోజుల్లో ఊరి పేరు ఎంత అవసరమో యుద్ధకాలంలో తెలిసింది. 1941లో హిట్లర్ సేనలు సోవియట్ యూనియన్ మీద దండెత్తాయి. సోవియట్ సైనికులకు నల్లని చిన్న గొట్టం ఒకటి ఇచ్చేవారు. మరచుట్టు మూత గల ఆ గొట్టం వేలెడంత ఉంటుంది. అందులో చుట్టిన కాగితపు చీటీ ఉంటుంది. సైనికుడు మరణిస్తే అతనెవరో ఆ చీటీ చెప్పాలి. పేరు, తండ్రి పేరు, పుట్టిన సంవత్సరం, ఏ ఓబ్లస్త్, ఏ రయోన్, ఏ గ్రామ సోవియట్, ఏ ఊరు, కుటుంబం ఉండే చిరునామా అన్నిటికీ అందులో గడులు ఉండేవి. చీటీ నింపితే చావు వస్తుందని భయపడి చాలామంది ఖాళీగా వదిలేశారు. హడావుడిలో పేరు, ఊరు మాత్రం రాసినవారు కూడా ఉన్నారు. 1942 చివరలో ఈ గొట్టాలు ఇవ్వడం ఆపివేశారు.

ఆ యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికులు లక్షల్లో ఉన్నారు. లెనిన్‌గ్రాద్, నోవ్‌గొరోద్ ప్రాంతాల అడవుల్లో, బురద నేలల్లో స్వచ్ఛంద అన్వేషకులు ఇప్పటికీ వారి ఎముకలు వెలికి తీసి ఖననం చేస్తున్నారు. ఎముకలతో పాటు గొట్టం దొరికి, లోపలి కాగితం తడవకుండా ఉంటే అది అదృష్టమే. చీటీ మీద ఓబ్లస్త్, రయోన్ ఉంటే వారి పని సులభం. 'ఇవాన్ ఇవానొవ్, ఇవానొవ్కా' అని మాత్రమే ఉంటే? ఆ పేరు గల మనుషులూ అనేకం, ఊళ్లూ అనేకం. పైగా యుద్ధం తరువాత రయోన్‌ల హద్దులు మారాయి. అన్వేషకులు పాత పటాలు, పాత పాలనా పట్టికలు ముందు పెట్టుకొని ఒక్కొక్క ఇవానొవ్కాను వెతుకుతారు. యుద్ధంలో మరణించినవారి, కనిపించకుండా పోయినవారి పత్రాలను రక్షణ శాఖ 2007లో కంప్యూటర్ ద్వారా అందరికీ అందుబాటులోకి తెచ్చింది. పేరు, పుట్టిన ఏడు, ఊరు కలిపి వెతికితే ఒక్కొక్కసారి సరైన మనిషి దొరుకుతాడు. అప్పుడు ఆ ఊరికి కబురు పెడతారు. చెల్లెలో, మనుమడో వచ్చి అస్థికలను ఇంటికి తీసుకుపోతారు.

అన్ని ఊళ్లకూ కబురు అందదు. 2010 జనాభా లెక్కల్లో నమోదైన 1,53,000 పల్లెల్లో 19,000కు పైగా పల్లెల్లో ఒక్క మనిషి కూడా లేడు. జనం పట్టణాలకు వెళ్లిపోగా ఇళ్లు కూలి, పొలాల్లో మళ్లీ బెర్యోజా చెట్లు మొలిచాయి. అటువంటి ఊరే చీటీ మీద ఉంటే, అన్వేషకులు పాత పటంలో దాని చోటు గుర్తించి, పక్క ఊళ్లో ఆ కుటుంబం వారెవరైనా మిగిలారేమోనని అడుగుతారు.